ఆ మెమరీ మ్యాపింగ్ జోలికి వెళ్లే ముందు

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

ఇంకో యంత్రంలా నటించే ఆ ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ మెమరీ మ్యాపింగ్‌లో, ఒకేసారి నడిచే థ్రెడ్లు ఒకే చిరునామా కోసం పడే పోటీని నువ్వే సరిచేస్తానని పూచీ పడ్డావట, మీ అమ్మ ఫోనులో చెప్పింది. సీనియర్లు తప్పించుకున్న పని నెత్తిన వేసుకున్నావని కోపం వచ్చింది. సాయంత్రానికల్లా ఆ సంగతి వీధిలో అందరికీ చెప్పుకున్నదీ నేనే.

ముందు థ్రెడ్ల తగువులను పట్టుకునే థ్రెడ్ శానిటైజర్‌తో నడిపించు. ప్రోగ్రామ్ 5 నుంచి 15 రెట్లు నెమ్మదిస్తుంది, ఓర్చుకో. అయితే అది శుభ్రంగా ఉందన్నంత మాత్రాన నమ్మేయకు. పాత చోటు వదిలేసే ఎమ్ అన్‌మ్యాప్‌కీ, మళ్లీ ఆ చోటు పట్టే ఎమ్ మ్యాప్‌కీ మధ్య ఉన్న సందు దాని కంట పడకపోవచ్చు. ఆ కాస్త సందులోనే ఇంకో థ్రెడ్ మెమరీ కావాలని పిలిచిన మాలాక్ వచ్చి అదే చిరునామాలో కూర్చుంటుంది. నువ్వు కచ్చితంగా ఇక్కడే కావాలని మ్యాప్ ఫిక్స్‌డ్ అన్నావంటే కెర్నల్ కిక్కురుమనకుండా దాన్ని తుడిచేస్తుంది.

అందుకే ఎమ్యులేటర్ లోపల నడిచే గెస్ట్‌కు కావలసిన చిరునామాలన్నీ మొదట్లోనే, ఎవరూ చదవడానికీ రాయడానికీ వీల్లేని ప్రాట్ నన్‌తో పట్టి ఉంచు, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు. ఆ తరువాత ఎమ్ అన్‌మ్యాప్ ఊసే వద్దు. నువ్వు పట్టి ఉంచిన పాతదాని మీదే మ్యాప్ ఫిక్స్‌డ్‌తో కొత్తది పరిచెయ్యి. నీది కాని చోట మాత్రం మ్యాప్ ఫిక్స్‌డ్ నోరీప్లేస్ వాడు, లినక్స్ 4.17 నుంచి ఉంది. ఖాళీ లేకపోతే లేదని మొహం మీదే చెబుతుంది.

మా పాత ఆఫీసులో ఒకతను ఇలాంటి లోపాన్నే వెతుకుతూ మధ్యలో తెర మీద రాసే ప్రింటెఫ్ ఒకటి పెట్టాడు. క్రాష్ ఆగిపోయింది. ప్రింటెఫ్ లోపల దాని తాళం దానికి ఉంటుంది కదా, థ్రెడ్లు అక్కడ వరుసలో నిలబడ్డాయి, అంతే. ఆయన ప్రింటెఫ్ తీసేసి, ఒక మిల్లీసెకను ఊరికే ఆగే స్లీప్ పెట్టి, పైన ‘దీన్ని తీయవద్దు’ అని కామెంట్ రాశాడు. పరీక్షలన్నీ పాసయ్యాయి, స్వీట్లు కూడా పంచాడు. తరువాత ఎక్కువ కోర్లున్న యంత్రాలు వచ్చాయి. కస్టమర్ దగ్గర రోజూ కూలడం మొదలైంది. అప్పటికి ఆయన ఉద్యోగం మారిపోయాడు. తిట్లు తిన్నది, తెల్లవార్లూ కూర్చున్నది నీ వయసు అమ్మాయి ఒకతె. ఆ కామెంట్‌కు భయపడి ఆ వరుసను ముట్టుకోకుండా చుట్టూ వెతికింది పాపం. స్లీప్ పెట్టానని నాతో అన్నావో, ఊరుకోను.

గెస్ట్ చిరునామాల పట్టిక అయిన పేజీ టేబుల్ మార్పూ, అసలు యంత్రంలోని హోస్ట్ మ్యాపింగూ ఒకే మ్యూటెక్స్ తాళం కింద జరగాలి. ముట్టుకోకూడని చిరునామా ముట్టుకుంటే నడిచే సెగ్‌ఫాల్ట్ హ్యాండ్లర్‌లో మాత్రం ఆ మ్యూటెక్స్ కోసం ఆగకు. తాళం పట్టుకున్న థ్రెడ్‌కే ఫాల్ట్ వస్తే అక్కడే బిగుసుకుపోతుంది.

రాత్రి పొద్దుపోయాక రుషికొండలో బస్సు కోసం నిలబడకు తల్లీ, ఫోను చెయ్యి, స్కూటర్ మీద వస్తాను. పరీక్షను తెల్లవార్లూ నడవనివ్వు. దాని పక్కన నువ్వు కూర్చోనక్కరలేదు.

ఇట్లు,
మామయ్య