జడ్జిగారి పేరు రిఫరెన్స్‌గా ఇవ్వొచ్చు, ముందు వారినే అడగండి

హైకోర్టులో ఏడాది లా క్లర్క్‌గా, అంటే జడ్జిగారికి కేసుల రీసెర్చ్‌లో సాయపడే ఉద్యోగం చేశారు, ఇప్పుడు ఒక లా ఫర్మ్ రెండు రిఫరెన్సులు అడిగింది, జడ్జిగారిని అడగాలంటే టెన్షన్‌గా ఉందని రాశారు. ధైర్యంగా అడగండి. నేనూ తెలంగాణ హైకోర్టులో లా క్లర్క్‌గా చేసి, మా జడ్జిగారి రిఫరెన్స్‌తోనే ఉద్యోగంలో చేరాను. మనం నోట్ ఎలా రాస్తామో, రాత్రికి రాత్రి కేస్ లా (పాత తీర్పులు) వెతకమంటే ఎలా పనిచేస్తామో కాలేజీ ప్రొఫెసర్ కంటే వారికే బాగా తెలుసు.

అయితే అనుమతి తీసుకోకుండా ఫారంలో పేరు రాయకండి. న్యాయమూర్తి తన పదవికున్న గౌరవాన్ని సొంత ప్రయోజనాలకు గానీ ఇతరుల ప్రయోజనాలకు గానీ వాడకూడదని జడ్జీల నడవడికపై 2002లో వచ్చిన బెంగళూరు సూత్రాలు చెబుతాయి. మీ పని గురించి తెలిసింది చెప్పమనడం వేరు, ఉద్యోగం ఇప్పించమనడం వేరు. మీరు అడుగుతున్నది మొదటిదేనని మీ మాటల్లో తెలియాలి.

నేను అడగగానే మా జడ్జిగారు, "ఆ ఫర్మ్ కేసులు నా దగ్గరేమైనా ఉన్నాయా?" అన్నారు. కాబట్టి వెళ్లేముందే కాజ్‌లిస్టు (విచారణకు వచ్చే కేసుల జాబితా) చూసుకోండి. ఉంటే దాచకుండా చెప్పండి. ఆ కారణంతో కాదంటే మీ పని నచ్చలేదని కాదు.

జడ్జిగారి పీఎస్ (వ్యక్తిగత కార్యదర్శి) గారి ద్వారా టైమ్ తీసుకుని, కోర్టు ముగిశాక ఛాంబర్‌కి వెళ్లండి. వారి దగ్గర ఎంతోమంది క్లర్కులు పనిచేసి ఉంటారు, అందరి పనీ గుర్తుండదు. ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారు, ఏ కేసుల మీద పనిచేశారు (సర్వీస్ మ్యాటర్లు అంటే ఉద్యోగుల కేసులా, భూసేకరణ రిట్ పిటిషన్లా), ఇప్పుడు వెళ్తున్న ఉద్యోగం ఏమిటి అని అర పేజీలో రాసి ఇవ్వండి. డ్రాఫ్ట్ తీర్పుల ఊసు మాత్రం అందులో వద్దు. ఇంటర్వ్యూలో "ఏ తీర్పుకి పనిచేశారు?" అని కచ్చితంగా తరచి అడుగుతారు. సబ్జెక్టు వరకే చెప్పి ఆగిపోండి. ఛాంబర్‌లో విన్నది బయటపెట్టే మనిషికి ఏ జడ్జీ రిఫరెన్స్ ఇవ్వకూడదన్నదే నా అభిప్రాయం.

వారి సొంత మొబైల్ నంబర్ మీ అంతట మీరు ఇవ్వకండి. ఏ నంబర్ ఇవ్వమంటారో అడగండి. మా జడ్జిగారు ఆఫీసు నంబరే ఇమ్మన్నారు. హెచ్‌ఆర్ వాళ్లు దానికి చేస్తే పీఎస్ గారు టైమ్ చెప్పారు, జడ్జిగారు సాయంత్రం మాట్లాడారు. కొందరు ఫోన్లో మాట్లాడతారు గానీ ఉత్తరం ఇవ్వరు. దానికి బతిమాలొద్దు, క్లర్క్‌షిప్ చేసినట్టు రిజిస్ట్రీ (హైకోర్టు పరిపాలనా కార్యాలయం) నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే సరిపోతుంది. రెండో రిఫరెన్స్‌కి మీ చేత రీసెర్చ్ చేయించిన ప్రొఫెసర్‌ని అడగండి.

ఆలస్యం మాత్రం చేయొద్దు. హైకోర్టు జడ్జీలు 62 ఏళ్లకు రిటైరవుతారు, ఈలోపే రాజ్యాంగంలోని 222వ అధికరణం కింద వేరే రాష్ట్రానికి బదిలీ కావచ్చు. అప్పుడు మీకు తెలిసిన పీఎస్ గారు వారి దగ్గర ఉండకపోవచ్చు, టైమ్ దొరకడమే కష్టమవుతుంది. వేసవి సెలవులకు కోర్టు మూసేలోపే వెళ్లి కలవండి.