పెయిడ్ న్యూస్‌కీ ప్రకటనకీ తేడా ఏమిటి?

ప్రకటన చూస్తే డబ్బిచ్చి వేయించుకున్నదని ఎవరికైనా తెలుస్తుంది. పెయిడ్ న్యూస్‌లో అదే సరుకు వార్త ముసుగేసుకుని వస్తుంది, పైగా అభ్యర్థి చూపించే ఎన్నికల ఖర్చు లెక్కలోకి రాదు.

2009 మహారాష్ట్ర ఎన్నికల్లో ఒక పెద్ద నాయకుణ్ణి పొగిడే వ్యాసమే, పొల్లుపోకుండా, ఒకదానితో ఒకటి పోటీపడే పత్రికల్లో వచ్చింది. జర్నలిస్టు పి. సాయినాథ్ దాన్ని బయటపెట్టారు. రెండు పత్రికలు పక్కపక్కన పెట్టి చూడటమే, అంత సింపుల్.

తర్వాత పత్రికల తీరుతెన్నులు చూసే ప్రెస్ కౌన్సిల్ పెయిడ్ న్యూస్‌పై ఇద్దరితో ఉపసంఘం వేసింది. అందులో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి. వాళ్లు ఆరోపణలున్న పత్రికల పేర్లతో సహా రాసిస్తే, 2010లో కౌన్సిల్ ఆ పేర్లు తీసేసిన చిన్న నివేదికతో సరిపెట్టింది. పూర్తిది 2011లో, సమాచార హక్కు ఫిర్యాదులు చూసే కేంద్ర సమాచార కమిషన్ చెప్పాకే బయటికొచ్చింది. కౌన్సిల్‌లో పత్రికల యజమానుల ప్రతినిధులూ ఉంటారు మరి!