గుడ్డు మానేశాను, గేదె పెరుగు మానలేదు: కొలెస్ట్రాల్ తగ్గించుకోవడంలో నా అనుభవం

మీ వయసు 41 అనీ, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 158 వచ్చిందనీ, మూడు నెలలు ఆహారం, వ్యాయామంతో ప్రయత్నించి మళ్ళీ రమ్మని డాక్టరు గారు చెప్పారనీ రాశారు. అందుకోసం గుడ్లు, నూనె పూర్తిగా మానేయాలా అని అడిగారు. నాలుగేళ్ల క్రితం ఇంచుమించు ఇలాంటి రిపోర్టుతో, ఇదే సందేహంతో నేనూ ఉన్నాను. నేను వైద్యుణ్ణి కాను. ఎక్కడ పొరబడ్డానో, తర్వాత ఏది పనిచేసిందో మాత్రం చెప్పగలను.

అప్పుడు నాకు 46 ఏళ్లు. మొత్తం కొలెస్ట్రాల్ 248, ఎల్‌డీఎల్ 162, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు) 250. రిపోర్టు చేతికి వచ్చిన రోజే గుడ్లు మానేశాను, "కొలెస్ట్రాల్ లేదు" అని రాసి ఉన్న నూనె ప్యాకెట్ తెచ్చాను, హనుమకొండలో భద్రకాళి బండ్ మీద రోజూ ఉదయం నలభై నిమిషాల నడక మొదలుపెట్టాను. మూడు నెలల తర్వాత చూస్తే ఎల్‌డీఎల్ 157. ఒకే మనిషికి రెండు పరీక్షల మధ్య మామూలుగా ఉండే తేడా కూడా అంతే ఉంటుంది కాబట్టి, దాన్ని తగ్గడం అనడానికి లేదు.

కారణాలు ఆ తర్వాత తెలిశాయి. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. ప్యాకెట్ మీద ఆ మాట రాయడం కొబ్బరికాయ మీద "ఎముకలు లేవు" అని రాయడం లాంటిదే. మన ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో చాలా భాగం శరీరం స్వయంగా తయారు చేసుకునేదే. కాబట్టి గుడ్డులోని కొలెస్ట్రాల్ కంటే ఎక్కువ చెరుపు చేసేది సంతృప్త కొవ్వు, అంటే నెయ్యి, వెన్న లాంటి వాటిలో ఎక్కువగా ఉండే కొవ్వు. అది ఎక్కువైతే, రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లోపలికి తీసుకునే గ్రాహకాలు కాలేయంలో తగ్గిపోతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. ఒక గుడ్డులో సంతృప్త కొవ్వు సుమారు ఒకటిన్నర గ్రాములే.

మరి నాకు అది ఎక్కడి నుంచి వస్తోందని మా ఆవిడా నేనూ ఒక ఆదివారం కూర్చుని లెక్క వేశాం. తేలింది పాల దగ్గర. కాఫీ, టీ, రెండు పూటలా గడ్డ పెరుగు, అన్నీ కలిపి నేను ఒక్కడినే రోజుకు అర లీటరు గేదె పాలు వాడుతున్నాను. గేదె పాలలో వందకు ఆరు, ఏడు గ్రాముల కొవ్వు ఉంటుంది, అందులో దాదాపు మూడింట రెండు వంతులు సంతృప్తమే. అంటే రోజుకు సుమారు 20 గ్రాములు. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి పది శాతం, అంటే 22 గ్రాముల దాకా. నెయ్యి, పచ్చి కొబ్బరి చట్నీ, ఆఫీసు పక్కన బేకరీలో ఎగ్ పఫ్ లెక్కలోకి రాకముందే నా వాటా అయిపోయిందన్నమాట. పెరుగన్నం తినకుండా భోజనం ముగించడం నా వల్ల కాదు కాబట్టి పెరుగు మానలేదు, పాలు మార్చాం. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. డబుల్ టోన్డ్ పాల పెరుగు మొదటి వారం పలుచగా, చప్పగా అనిపించింది, ఇప్పుడు అలవాటైంది. పఫ్‌లు మాత్రం పూర్తిగా మానేశాను. 2022 నుంచి మన దేశంలో ట్రాన్స్ కొవ్వును (నూనెను వనస్పతిలా గడ్డకట్టించేటప్పుడు పుట్టే హానికర కొవ్వును) 2 శాతానికి పరిమితం చేశారు గానీ, వనస్పతితో, పామాయిల్‌తో చేసిన పిండివంటల్లో సంతృప్త కొవ్వు అలాగే ఉంటుంది.

రెండో మార్పు పీచు, అందులోనూ నీటిలో జిగురుగా మారే పీచు. కాలేయం కొలెస్ట్రాల్‌తోనే పైత్యరసాన్ని తయారు చేస్తుంది. ఈ జిగురు పీచు పేగులో ఆ రసంలోని ఆమ్లాలను పట్టుకుని బయటకు తీసుకుపోతే, కొత్తవి చేయడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను వాడుకోక తప్పదు. ఓట్స్, బార్లీ దీనికి ప్రసిద్ధం. అయితే మన బెండకాయ, గోరుచిక్కుడు, ఉలవలు, శనగలు ఏమీ తీసిపోవు. వారానికి రెండు సార్లు ఉలవచారు చేసుకుంటున్నాం, మీద మీగడ వేయకుండా. (మీగడ లేని ఉలవచారు ఉలవచారే కాదని మా నాన్నగారి అభిప్రాయం.) రాత్రి ఒక చెంచా ఇసబ్గోల్ (ఇలాంటి జిగురు పీచున్న గింజల పొట్టు) గ్లాసెడు నీళ్లలో కలిపి తాగుతాను, వేరే మాత్రలు వేసుకునేవారు రెండింటికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచాలి.

రాత్రి అన్నానికి బదులు రెండు జొన్న రొట్టెలు, పప్పు, కూర. టీలో చక్కెర మానేశాను. ఈ మార్పుతో దిగేది ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్లు, ఎందుకంటే అవసరానికి మించిన పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మారుస్తుంది.

ఇక నడక సంగతి. నలభై నిమిషాల నడకలో నా బరువుకు ఖర్చయ్యేది 200 కేలరీల లోపే, అది చాలదన్నట్టు మా బృందం నడక ముగించి నేరుగా మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగేది. వ్యాయామం ట్రైగ్లిజరైడ్లను బాగా తగ్గిస్తుంది, హెచ్‌డీఎల్‌ను కొద్దిగా పెంచుతుంది, ఎల్‌డీఎల్ మీద నేరుగా దాని ప్రభావం స్వల్పం. ఇది ముందే తెలిసి ఉంటే నేను నిరుత్సాహపడేవాణ్ణి కాను. బండి దగ్గర ఆగడం మానేసి, కొంత దూరం మాట్లాడటానికి ఆయాసం వచ్చేంత వేగంగా నడవడం అలవాటు చేసుకున్నాను. బరువు 81 కిలోల నుంచి 75కు వచ్చింది.

ఇలా ఆరు నెలలు గడిచాక మొత్తం కొలెస్ట్రాల్ 200, ఎల్‌డీఎల్ 130, హెచ్‌డీఎల్ 41, ట్రైగ్లిజరైడ్లు 145 వచ్చాయి. నాకు మధుమేహం, రక్తపోటు లేవు, పొగతాగే అలవాటు లేదు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు లేరు. అందుకే మాత్ర అవసరం లేదని డాక్టరు గారు అన్నారు. మీకు వీటిలో ఏదైనా ఉంటే ముందే వారితో చెప్పండి. ఎల్‌డీఎల్ 190 దాటినవారు, ఇప్పటికే గుండెపోటు వచ్చినవారు ఆహారాన్నే నమ్ముకుని స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మానేయడం ప్రమాదం. థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించమంటారేమో అడగండి.

మూడు నెలల తర్వాత పరీక్షకు అదే ల్యాబ్‌కు, అలాగే పన్నెండు గంటలు ఏమీ తినకుండా వెళ్ళండి. ఆ వారంలో జ్వరం వచ్చి ఉంటే మాత్రం వాయిదా వేయండి, జ్వరంలో కొలెస్ట్రాల్ తాత్కాలికంగా పడిపోయి తప్పుడు సంతోషం కలిగిస్తుంది.