‘ప్రొఫైల్’ వంటి సొంత బిల్డ్ కాన్ఫిగరేషన్‌కు వీసీపీకేజీ లైబ్రరీలను సరిగ్గా లింక్ చేయడం ఎలా?

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇది: విండోస్ మీద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టును సీమేక్‌తో (బిల్డ్ ఫైళ్లను తయారుచేసే సాధనం), విజువల్ స్టూడియో జనరేటరుతో కట్టుకుంటున్నారు. లైబ్రరీలను వీసీపీకేజీ (లైబ్రరీలను తెచ్చి బిల్డ్ చేసిపెట్టే సాధనం) ద్వారా ‘ఎక్స్64-విండోస్-స్టాటిక్-ఎండీ’ ట్రిప్లెట్‌లో, అంటే ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్, లింకింగ్ పద్ధతి ఏవో సూచించే అమరికలో, తెప్పించుకున్నారు. డీబగ్, రిలీజ్ బిల్డులు రెండూ సవ్యంగానే వస్తున్నాయి కానీ, ప్రోగ్రాము వేగాన్ని కొలవడానికి మీరు చేర్చుకున్న ‘ప్రొఫైల్’ కాన్ఫిగరేషన్‌లో మాత్రం లింకర్ (కంపైల్ అయిన ముక్కలను కలిపి ప్రోగ్రాముగా చేసేది) ఎల్‌ఎన్‌కే2038 అని, అంటే ఆ ముక్కల అమరికలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని, ఆగిపోతోంది. ఆ ఒక్క కాన్ఫిగరేషన్ కోసం లైబ్రరీల పాత్‌లను చేత్తో రాసుకోవాలా అని అడిగారు. దయచేసి రాయకండి. మీ కాన్ఫిగరేషన్ పేరును లైబ్రరీల కాన్ఫిగరేషన్‌తో జతపరిచే ఒక్క వాక్యం సరిపోతుంది. అయితే అది ఎందుకు సరిపోతుందో తెలియకపోతే ఇదే చిక్కు మరో రూపంలో ఎదురవుతుంది కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

వీసీపీకేజీ ఒక లైబ్రరీని తయారుచేసేటప్పుడు మామూలుగా దానిని రెండుసార్లు బిల్డ్ చేస్తుంది. ‘ఇన్‌స్టాల్డ్’ ఫోల్డరులో మీ ట్రిప్లెట్ పేరు గల ఫోల్డరు తెరిచి చూడండి. రిలీజ్ లైబ్రరీలు నేరుగా ‘లిబ్’ ఫోల్డరులో ఉంటాయి, డీబగ్ లైబ్రరీలు ‘డీబగ్’ లోపలి ‘లిబ్’లో ఉంటాయి, హెడర్లున్న ‘ఇన్‌క్లూడ్’ మాత్రం రెండింటికీ ఒక్కటే. అంటే కంపైలేషన్ దశలో రెండు కాన్ఫిగరేషన్ల మధ్య తేడా బయటపడే అవకాశమే లేదు. ఏ కాన్ఫిగరేషన్‌లోనైనా హెడర్లు దొరుకుతాయి, కోడ్ కంపైల్ అవుతుంది, పొరపాటు జరిగి ఉంటే అది లింకర్ దగ్గరే తేలుతుంది.

ఆ లైబ్రరీలను మీ ప్రాజెక్టుకు పరిచయం చేసేవి ‘షేర్’ ఫోల్డరులో ఉండే సీమేక్ ఫైళ్లు. ఉదాహరణకు ఎఫ్‌ఎమ్‌టీ అనే టెక్స్ట్ ఫార్మాటింగ్ లైబ్రరీని తీసుకుంటే, డీబగ్ లైబ్రరీ ఎక్కడుందో చెప్పే ఫైలు ఒకటి, రిలీజ్ లైబ్రరీ ఎక్కడుందో చెప్పే ఫైలు మరొకటి ఉంటాయి. ప్రొఫైల్ గురించి చెప్పే ఫైలు ఏదీ ఉండదు, ఎందుకంటే ఆ పేరు మీరు పెట్టుకున్నది. ఇలాంటప్పుడు సీమేక్ ఆగిపోయి మిమ్మల్ని అడగదు. తనకు తెలిసిన కాన్ఫిగరేషన్లలో ఏదో ఒకదాన్ని తీసుకుంటుంది. ఆ ఫైళ్లు సాధారణంగా అక్షరక్రమంలో చదవబడతాయి, ఇంగ్లిష్ అక్షరక్రమంలో డీబగ్ ముందు వస్తుంది, అందువల్ల చాలాసార్లు మీ చేతికి వచ్చేది డీబగ్ లైబ్రరీయే. మరోవైపు మీ సొంత కోడ్ సంగతి చూడండి. సీమేక్ 3.15లో వచ్చిన రన్‌టైమ్ లైబ్రరీ (ప్రోగ్రాము నడిచేటప్పుడు ఆధారపడే ప్రాథమిక లైబ్రరీ) విధానం ప్రకారం ‘డీబగ్’ అనే పేరున్న కాన్ఫిగరేషన్‌కే డీబగ్ రన్‌టైమ్ దక్కుతుంది, మిగిలిన పేర్లన్నిటికీ మామూలు రన్‌టైమే. కాబట్టి ప్రొఫైల్‌లో మీ ఆబ్జెక్ట్ ఫైళ్లు రిలీజ్ పద్ధతిలో, వాటికి తగిలించిన లైబ్రరీ డీబగ్ పద్ధతిలో తయారై ఉంటాయి. మీకు వచ్చిన ఎర్రరులో ఇటరేటర్ డీబగ్ లెవెల్ (స్టాండర్డ్ లైబ్రరీ చేసే అదనపు తనిఖీల స్థాయి) ఒకచోట 0 అనీ మరోచోట 2 అనీ కనిపించడానికి కారణం ఇదే. ఆ విలువను బట్టి వెక్టర్, స్ట్రింగ్ వంటి రకాల లోపలి అమరికే మారిపోతుంది గనుక లింకర్ నిరాకరించడం ముమ్మాటికీ సబబే.

పరిష్కారానికి వస్తే, మీ పైస్థాయి సీమేక్‌లిస్ట్స్ ఫైలులో, మొదటి ఫైండ్ ప్యాకేజ్ (లైబ్రరీని వెతికి తెచ్చే ఆదేశం) పిలుపు కంటే ముందు, ‘సీమేక్_మ్యాప్_ఇంపోర్టెడ్_కాన్ఫిగ్_ప్రొఫైల్’ అనే వేరియబుల్‌కు ‘ప్రొఫైల్;రిలీజ్’ అనే విలువ ఇవ్వండి. వేరియబుల్ పేరంతా క్యాపిటల్ అక్షరాలలో ఉండాలి, విలువలోని రెండు పేర్ల మధ్య సెమీకోలన్ ఉండాలి. లైబ్రరీలో ప్రొఫైల్ అనేది ఉంటే దాన్ని తీసుకో, లేకపోతే రిలీజ్‌ను తీసుకో అని దాని అర్థం. ఫైండ్ ప్యాకేజ్ కంటే ముందే అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఇంపోర్టెడ్ టార్గెట్ (బయటి లైబ్రరీకి సీమేక్‌లో ఉండే ప్రతినిధి) పుట్టే క్షణంలోనే ఈ విలువను తనలోకి తీసుకుంటుంది, ఆ తరువాత మార్చిన విలువ దానికి అందదు. రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో, మిన్‌సైజ్‌రెల్ కాన్ఫిగరేషన్లలో మీకు ఈ ఇబ్బంది ఎన్నడూ రాకపోవడానికి సీమేక్‌ను వీసీపీకేజీతో కలిపే టూల్‌చెయిన్ ఫైలే వాటిని ముందుగా రిలీజ్‌కు జతపరిచి ఉంచడం కారణం.

ఇదే ప్రాజెక్టును సీమేక్ లేకుండా నేరుగా విజువల్ స్టూడియో సొంత బిల్డ్ సాధనమైన ఎంఎస్‌బిల్డ్‌తో కడితే లక్షణం వేరుగా ఉంటుంది. ‘వీసీపీకేజీ ఇంటిగ్రేట్ ఇన్‌స్టాల్’ ఇచ్చిన తరువాత, కాన్ఫిగరేషన్ పేరు డీబగ్ అనో రిలీజ్ అనో మొదలైతే వీసీపీకేజీ తనంతట తానే పోల్చుకుని లైబ్రరీలను కలుపుతుంది. ప్రొఫైల్ అనే పేరును పోల్చుకోలేదు కనుక హెడర్లు దొరికినా లైబ్రరీలు లింకర్‌కు చేరవు, అప్పుడు పిలిచిన ఫంక్షన్లు ఎక్కడా దొరకలేదని చెప్పే ఎల్‌ఎన్‌కే2019 ఎర్రర్లు వరుసగా వస్తాయి. అక్కడ ప్రాజెక్టు ప్రాపర్టీస్‌లోని వీసీపీకేజీ పేజీలో ‘వీసీపీకేజీ కాన్ఫిగరేషన్’ అనే చోట రిలీజ్ అని పెడితే చాలు.

పాత్‌లు చేత్తో రాయవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి నా అనుభవమే కారణం. నేను ఇదివరకు పనిచేసిన ఒక సంస్థలో నాకు అప్పగించిన ప్రాజెక్టులో, ఎవరో లింకర్ ఇన్‌పుట్‌లో డీబగ్ ఫోల్డరు పాత్‌ను నేరుగా రాసి ఉంచారు. ఆ ప్రాజెక్టు వాడుతున్నది మీలా స్టాటిక్ ట్రిప్లెట్ కాదు, డీఎల్‌ఎల్‌లు (ప్రోగ్రాము నడిచేటప్పుడు విడిగా లోడయ్యే లైబ్రరీ ఫైళ్లు) ఇచ్చే ‘ఎక్స్64-విండోస్’. మీకు వచ్చిన ఎల్‌ఎన్‌కే2038 నిజానికి మిమ్మల్ని కాపాడిన ఎర్రరు. ఆ పోలిక సమాచారం ఆబ్జెక్ట్ ఫైళ్లలో ఉంటుంది, స్టాటిక్ లైబ్రరీ అంటే ఆబ్జెక్ట్ ఫైళ్ల కట్టే కాబట్టి లింకర్ తేడాను పట్టుకోగలదు. డీఎల్‌ఎల్ తాలూకు ఇంపోర్ట్ లైబ్రరీలో (డీఎల్‌ఎల్‌లో ఏమున్నాయో లింకర్‌కు చెప్పే ఫైలు) ఆ సమాచారం ఉండదు. అందువల్ల అక్కడ బిల్డ్ ఒక్క హెచ్చరిక కూడా లేకుండా పూర్తయ్యేది. డెవలపర్ల కంప్యూటర్లలో కొన్ని ఫైళ్లు తెరిచినప్పుడే ప్రోగ్రాము కూలేది, ఎందుకంటే ఒక రన్‌టైమ్ కేటాయించిన మెమరీని మరో రన్‌టైమ్ విడుదల చేయబోయేది. విజువల్ స్టూడియో లేని పరీక్ష కంప్యూటర్లలోనైతే అసలు మొదలయ్యేదే కాదు. అందరూ ఫైళ్లు చదివే కోడ్‌లో తప్పు వెతుకుతూ ఉండగా, నేను విజువల్ స్టూడియో కమాండ్ ప్రాంప్ట్‌లో, బైనరీ ఫైళ్లను పరిశీలించే సాధనమైన డంప్‌బిన్‌ను ‘డిపెండెంట్స్’ ఆప్షన్‌తో ఎగ్జిక్యూటబుల్ మీదా, పక్కనున్న డీఎల్‌ఎల్‌ల మీదా నడిపి చూశాను. ఎగ్జిక్యూటబుల్ ‘వీసీరన్‌టైమ్140’ను అడుగుతోంది, డీఎల్‌ఎల్ మాత్రం పేరు చివర డీ అక్షరం ఉన్న ‘వీసీరన్‌టైమ్140డీ’ని అడుగుతోంది. ఆ డీ ఉన్నది డీబగ్ రన్‌టైమ్. దాన్ని ఇతరుల కంప్యూటర్లకు పంచడానికి మైక్రోసాఫ్ట్ లైసెన్సు అనుమతించదు కాబట్టి అది అక్కడ ఉండే అవకాశమే లేదు. చేత్తో రాసిన పాత్ తీసేసి, కాన్ఫిగరేషన్‌ను రిలీజ్‌కు జతపరిచాక ఆ క్రాష్‌లు ఆగిపోయాయి.

మీరు కూడా మార్పు చేశాక ఈ పరీక్ష చేసుకోండి. మీది స్టాటిక్ ట్రిప్లెట్ కనుక, అనుమానం ఉన్న లైబ్రరీ ఫైలు మీద డంప్‌బిన్‌ను ‘డైరెక్టివ్స్’ ఆప్షన్‌తో నడిపితే ‘ఫెయిల్ ఇఫ్ మిస్‌మ్యాచ్’ అనే వరుసలలో రన్‌టైమ్ ఏదో, ఇటరేటర్ డీబగ్ లెవెల్ ఎంతో స్పష్టంగా కనిపిస్తాయి.

ఇంకొక్క జాగ్రత్త. బిల్డ్ సమయం తగ్గుతుందని చాలామంది ట్రిప్లెట్‌లో ‘వీసీపీకేజీ_బిల్డ్_టైప్’ను రిలీజ్‌గా పెట్టుకుంటారు, సర్వర్లలో అది మంచి పద్ధతే. కానీ అలాంటి ట్రిప్లెట్‌తో మీ డీబగ్ కాన్ఫిగరేషన్‌ను కడితే డీబగ్ లైబ్రరీలే ఉండవు కనుక సీమేక్ రిలీజ్ లైబ్రరీలను అందిస్తుంది, ఇదే ఎర్రరు ఈసారి తలకిందులుగా వస్తుంది. ట్రిప్లెట్‌ను గానీ టూల్‌చెయిన్ ఫైలును గానీ మార్చినప్పుడు పాత బిల్డ్ ఫోల్డరును తీసేసి కొత్తగా కాన్ఫిగర్ చేయండి. సీమేక్ 3.24 నుంచి ‘ఫ్రెష్’ అనే ఆప్షన్ ఆ పనే చేస్తుంది. మ్యాప్ వేరియబుల్ ఒక్కటే చేర్చినప్పుడు ఇదంతా అక్కర్లేదు, మామూలుగా మళ్లీ కాన్ఫిగర్ చేస్తే చాలు.