టెక్ సందేహాలు: రెండు నెట్ లైన్లు, ఒక రూటర్.. ఏ ప్యాకెట్ ఎటు వెళ్లాలి?

ప్రశ్న: మా ఆడిటింగ్ ఆఫీసులో రెండు ఫైబర్ లైన్లున్నాయి. స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని నెట్ అడ్రస్) ఉన్నది ఒకటి, మామూలు 200 ఎంబీపీఎస్ ప్లాన్ మరొకటి. రూటర్ మైక్రోటిక్, అందులో రూటర్‌ఓఎస్ 7. అకౌంట్స్ సర్వర్, సీసీ కెమెరాల రికార్డర్ స్టాటిక్ లైన్లో, మిగతావన్నీ రెండో లైన్లో వెళ్లాలి. ఒకటి పోతే రెండోదానికి మారాలి. వీడియో చూసి మాంగిల్ రూల్స్ (ప్యాకెట్లకు గుర్తు వేసేవి) రాశాం. సర్వర్లో పేజీలు సగం తెరుచుకుని ఆగిపోతున్నాయి. మొన్న రెండో లైను వీధిలో తెగితే సాయంత్రం దాకా నెట్ లేదు, రూటర్ మాత్రం మారలేదు. ఏం చేయాలి? - గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. పేజీలు సగంలో ఆగడానికి కారణం చాలావరకు ఫాస్ట్‌ట్రాక్. ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌తో వచ్చే ఫైర్‌వాల్‌లో ఈ రూల్ ఉంటుంది. కనెక్షన్ కుదిరాక వచ్చే ప్యాకెట్లను అది మాంగిల్ దాకా పోనివ్వకుండా అడ్డదారిలో పంపేస్తుంది. మొదటి ప్యాకెట్లకు మీ గుర్తు పడుతుంది కాబట్టి అవి స్టాటిక్ లైన్లో వెళ్తాయి. తర్వాతివి గుర్తు లేకుండా మెయిన్ టేబుల్‌లోని డిఫాల్ట్ రూట్ (వేరే దారి చెప్పనప్పుడు వాడేది) పట్టుకుని రెండో లైన్లోకి పోతాయి. అవతలి సర్వర్‌కు అవి అక్కర్లేని ప్యాకెట్లు.

మీ అవసరానికి మాంగిల్ అక్కర్లేదు, రూటింగ్ రూల్స్ చాలు. మాంగిల్ రూల్స్ తీసేసి ఇలా చేయండి. కింది నంబర్లు ఉదాహరణకే. ఆఫీసు నెట్‌వర్క్ 192.168.10.0/24, స్టాటిక్ లైన్ గేట్‌వే (బయటికి వెళ్లే ద్వారం) 203.0.113.1, రెండో లైన్ మోడెమ్ 192.168.8.1 అనుకుందాం.

ముందు సర్వర్‌కు 192.168.10.9, రికార్డర్‌కు 192.168.10.10 ఇవ్వండి. 192.168.10.8/29 అంటే .8 నుంచి .15 వరకు, కాబట్టి రెండింటికీ ఒకే రూల్ సరిపోతుంది. రేపు ఇంకో పరికరం వస్తే ఈ ఖాళీల్లోనే పెట్టుకోవచ్చు. డీహెచ్‌సీపీ (పరికరాలకు నంబర్లను దానంతటదే పంచేది) పూల్ నుంచి ఈ నంబర్లను తప్పించడం మరవద్దు.

మైక్రోటిక్ సెట్టింగ్స్ ప్రోగ్రామ్ విన్‌బాక్స్‌లో రూటింగ్, టేబుల్స్‌కు వెళ్లి 'స్టాటిక్' పేరుతో కొత్త టేబుల్ చేయండి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీ లేకుండా ఉండాలి. అక్కడే ఎఫ్ఐబీ అనే గడిలో టిక్ పెట్టండి. అది లేకపోతే టేబుల్ పేరుకే ఉంటుంది, ప్యాకెట్లు దాన్ని చూడవు.

ఇక లైన్ పోయిందని రూటర్‌కు తెలిసేలా చేయాలి. మీకు సాయంత్రం దాకా నెట్ లేకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. గేట్‌వేను పింగ్ చేసి చూడమని పెట్టినా, ఆ గేట్‌వే మీ బల్ల మీదున్న మోడెమే. వీధిలో కేబుల్ తెగి, మోడెమ్ మీద సిగ్నల్ లేదని చెప్పే ఎల్ఓఎస్ లైటు ఎర్రగా మెరుస్తున్నా అది పింగ్‌కు నిక్షేపంగా జవాబిస్తుంది. రూటర్ లైను బాగానే ఉందనుకుంటుంది. అందుకే మోడెమ్ అవతల, ఇంటర్నెట్‌లో ఉన్న అడ్రస్‌ను పింగ్ చేయించాలి. ఐపీ, రూట్స్‌లో రెండు రూట్లు వేయండి: 9.9.9.9/32 గేట్‌వే 192.168.8.1, 1.0.0.1/32 గేట్‌వే 203.0.113.1. రెండింటికీ స్కోప్ 10. తర్వాత డిఫాల్ట్ రూట్లు, అంటే 0.0.0.0/0 (డిస్టెన్స్ తక్కువున్నదానికే ముందు అవకాశం):

- మెయిన్ టేబుల్‌లో గేట్‌వే 9.9.9.9, డిస్టెన్స్ 1
- మెయిన్ టేబుల్‌లోనే గేట్‌వే 1.0.0.1, డిస్టెన్స్ 2
- స్టాటిక్ టేబుల్‌లో గేట్‌వే 1.0.0.1, డిస్టెన్స్ 1

మూడింటికీ టార్గెట్ స్కోప్ 11, చెక్ గేట్‌వే దగ్గర పింగ్. పది సెకన్లకోసారి పింగ్ వెళ్తుంది. రెండుసార్లు జవాబు రాకపోతే ఆ రూట్ పక్కకు తప్పుకుంటుంది. అంటే లైన్ మారడానికి సుమారు 20 సెకన్లు.

ఈ రెండు అడ్రస్‌లను డీఎన్ఎస్‌గా (సైట్ పేర్లను ఐపీ నంబర్లుగా తేల్చేది) మాత్రం ఎక్కడా వాడకండి. 9.9.9.9ని రెండో లైనుకు కట్టేశాం కదా, ఆ లైన్ పోతే అదీ పోతుంది. నెట్ మారినా పేర్లు తేలక ఏ సైటూ తెరుచుకోదు. డీఎన్ఎస్‌కు 8.8.8.8, 1.1.1.1 పెట్టుకోండి. రెండో లైన్ పోర్టులో డీహెచ్‌సీపీ క్లయింట్ నడుస్తుంటే అందులో 'యాడ్ డిఫాల్ట్ రూట్' ఆపేయండి. లేకపోతే అది డిస్టెన్స్ 1తో సొంతంగా ఓ రూట్ వేస్తుంది. దానికి పింగ్ తనిఖీ ఉండదు, మన ఏర్పాటంతా వృథా.

ఇప్పుడు రూటింగ్, రూల్స్. పై నుంచి కిందికి చదువుతుంది కాబట్టి వరస ముఖ్యం. మొదటి రూల్: డెస్టినేషన్ 192.168.0.0/16, యాక్షన్ లుకప్, టేబుల్ మెయిన్. ఇది లేకపోతే గెస్ట్ వైఫైలాంటి వేరే లోకల్ నెట్‌వర్క్‌కు సర్వర్ ఇచ్చే జవాబులు కూడా ఇంటర్నెట్ లైన్లోకి పోతాయి. రెండో రూల్: సోర్స్ 192.168.10.8/29, యాక్షన్ లుకప్, టేబుల్ స్టాటిక్. మూడోది: సోర్స్ మీ స్టాటిక్ ఐపీ, టేబుల్ స్టాటిక్. స్టాటిక్ ఐపీని బయటి నుంచి పింగ్ చేసినప్పుడు రూటర్ ఇచ్చే జవాబు అదే లైన్లో తిరిగి వెళ్లడానికి ఇది.

యాక్షన్‌లో 'లుకప్' అంటే ఆ టేబుల్‌లో దారి లేకపోతే మెయిన్‌కు వచ్చి వెతుకుతుంది. స్టాటిక్ లైన్ పోయినా సర్వర్‌కు నెట్ ఉంటుంది. 'లుకప్ ఓన్లీ ఇన్ టేబుల్' అయితే అక్కడితో ఆగిపోతుంది. అవతలి సంస్థ మీ స్టాటిక్ ఐపీని మాత్రమే అనుమతించే పనులకు ఇదే మేలు. వేరే ఐపీతో పదే పదే వెళ్లి లాగిన్ బ్లాక్ చేయించుకోవడం కంటే కాసేపు ఆగడం నయం.

మిగిలింది ఫైర్‌వాల్. రెండో లైన్ పోర్టును ఇంటర్‌ఫేస్ లిస్టులో వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) కింద చేర్చండి. చేర్చకపోతే దానికి మాస్కరేడ్ (లోపలి అడ్రస్‌ను మార్చి పంపడం) జరగదు, ప్యాకెట్లు 192.168.10 అడ్రస్‌తోనే మోడెమ్‌కు పోతాయి, జవాబులకు తిరిగొచ్చే దారి ఉండదు. ఫాస్ట్‌ట్రాక్ రూల్‌కు పైన ఫార్వర్డ్ చైన్‌లో, ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ కనెక్షన్లకు రెండు యాక్సెప్ట్ రూల్స్ వేయండి: సోర్స్ 192.168.10.8/29 ఒకటి, డెస్టినేషన్ అదే పెట్టి ఇంకొకటి. ఈ రెండు పరికరాలూ ఫాస్ట్‌ట్రాక్ జోలికి పోవు.

పరీక్షించేటప్పుడు రూటర్ నుంచి కేబుల్ లాగకండి. ఆ పరీక్షలో ఎలాంటి సెట్టింగ్ అయినా పాసవుతుంది. మోడెమ్ వెనక ఉన్న సన్న ఫైబర్‌ను, సాధారణంగా పచ్చ కొన ఉన్నదాన్ని, జాగ్రత్తగా తీసి అర నిమిషం చూడండి. దాని కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు, వేలితో తాకొద్దు. ఇలా లైన్ మారినప్పుడు ఐపీ ఫోన్లు మూగబోతే కంగారు పడకండి. రూటర్-మోడెమ్ మధ్య పోర్టు బతికే ఉంది కాబట్టి పాత కనెక్షన్ల చిట్టా చెరగదు. ఫోన్ కొద్ది సెకన్లకోసారి పలకరిస్తూ ఆ పాత పద్దును బతికిస్తూనే ఉంటుంది. ఫైర్‌వాల్, కనెక్షన్స్‌లో ఆ ఫోన్ పద్దులు తీసేస్తే కొత్త లైన్లో కలుస్తుంది.

ప్రశ్న: కింద ఇంట్లో మెయిన్ రూటర్ 192.168.1.1. పైఅంతస్తు రూటర్‌కు 192.168.1.2, దాని వెనక నెట్‌వర్క్ 192.168.2.0. పై రూటర్‌లో నాట్ (లోపలి అడ్రస్‌లను మార్చి పంపడం) తీసేసి, మెయిన్ రూటర్‌లో 192.168.2.0కు గేట్‌వే 192.168.1.2 అని స్టాటిక్ రూట్ ఇచ్చాను. కింది నుంచి పైనున్న ప్రింటర్‌కు పింగ్ వెళ్తోంది కానీ దాని పేజీ తెరుచుకోదు, ప్రింట్ రాదు. - వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ రూట్ సరైనదే. తిరిగొచ్చే దారి వేరుగా ఉంది. లాప్‌టాప్ ప్యాకెట్ మెయిన్ రూటర్‌కు, అక్కడి నుంచి పై రూటర్‌కు వెళ్తుంది. జవాబు మాత్రం మెయిన్ రూటర్‌ను తాకదు. పై రూటర్ కాలు ఒకటి 192.168.1 నెట్‌వర్క్‌లోనే ఉంది కాబట్టి నేరుగా లాప్‌టాప్‌కు ఇచ్చేస్తుంది. మెయిన్ రూటర్ ఫైర్‌వాల్ దృష్టిలో లాప్‌టాప్ పలకరించింది, ప్రింటర్ బదులివ్వలేదు, అయినా లాప్‌టాప్ సంభాషణ కొనసాగిస్తోంది. ఇది చెల్లదని ఆ మూడో ప్యాకెట్‌ను పారేస్తుంది. పింగ్‌కు ఇలాంటి వరస లేదు కాబట్టి దాటిపోతుంది.

పైన ఉండేది మీవాళ్లే అయితే రెండో నెట్‌వర్క్ ఎందుకు? పై రూటర్‌లో డీహెచ్‌సీపీ ఆపి, కింది నుంచి వచ్చే కేబుల్‌ను వ్యాన్‌లో కాక ల్యాన్ పోర్టులో పెట్టండి. అది వైఫై పాయింట్‌గా మిగులుతుంది, అందరూ 192.168.1 లోనే ఉంటారు. ఇళ్లకు నేను చెప్పేది ఇదే.

అద్దెకున్నవాళ్ల కోసం వేరుగానే ఉంచాలంటే, రెండు రూటర్ల మధ్య లింకును విడి పోర్టులో 10.0.0.0/30గా చేయండి. కింద 10.0.0.1, పైన 10.0.0.2. మెయిన్ రూటర్‌లో స్టాటిక్ రూట్ గేట్‌వేను 10.0.0.2కు, పై రూటర్ డిఫాల్ట్ గేట్‌వేను 10.0.0.1కు మార్చండి. అప్పుడు రానూపోనూ మెయిన్ రూటర్ గుండానే. చవక రూటర్లు కొన్ని విడి పోర్టు ఇవ్వవు, కొన్ని తమ సొంత ల్యాన్‌కు తప్ప నాట్ చేయవు. రెండో రకమైతే కిందివాళ్లకు ప్రింటర్ అందుతుంది, పైవాళ్లకు ఇంటర్నెట్ అందదు.

ప్రశ్న: విజయవాడలో అమ్మానాన్నల ఇంటి కెమెరా చూసుకోవడానికి రెండు ఇళ్ల రూటర్ల మధ్య వైర్‌గార్డ్ వీపీఎన్ పెట్టాను. టన్నెల్ కలిసింది, కెమెరా 192.168.1.64 రాదు. మా ఇంట్లోనూ 192.168.1 నెట్‌వర్కే. - డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ లాప్‌టాప్‌కు 192.168.1.64 అంటే పక్క గదిలోని పరికరం. అందుకే గేట్‌వే దాకా వెళ్లకుండా ఇంట్లోనే వెతుకుతుంది. ఒకవైపు నంబర్లు మారాలి. దూరాన ఉన్న రూటర్‌ను మార్చబోతే మధ్యలో తెగి లోపలికి వెళ్లే దారే పోవచ్చు, కాబట్టి డాలస్ వైపు 192.168.47.0/24 చేయండి. డాలస్ రూటర్‌లో విజయవాడ పీర్ (అవతలి రూటర్) అలౌడ్ ఐపీల్లో 192.168.1.0/24, విజయవాడ రూటర్‌లో డాలస్ పీర్‌కు 192.168.47.0/24 ఉండాలి. రూట్లను దానంతట అది వేయని రూటరైతే రెండు చోట్లా స్టాటిక్ రూట్ కూడా వేయాలి.

అయినా రాకపోతే కెమెరా నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో గేట్‌వే చూడమనండి. ఐపీ ఇచ్చి గేట్‌వే గడి ఖాళీగా వదిలేయడం తరచూ జరుగుతుంది. ఇంట్లోవాళ్లకు బాగానే కనిపిస్తుంది, బయటి నెట్‌వర్క్‌కు జవాబు పంపే దారి మాత్రం కెమెరాకు ఉండదు. విజయవాడ రూటర్ వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆ లైన్ సీజీనాట్ (ఒకే పబ్లిక్ ఐపీని నెట్ కంపెనీ చాలామందికి పంచే పద్ధతి) వెనక ఉన్నట్టు. అప్పుడు బయటి నుంచి దాన్ని పిలవలేరు. డాలస్ రూటర్‌కు పబ్లిక్ ఐపీ ఉంటే ఎండ్‌పాయింట్‌గా దాన్నే పెట్టి, విజయవాడ వైపు పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 సెకన్లు ఇవ్వండి.