బర్న్ డెక్‌లో రిమూవల్ కలిపితే ఎంత వేగం పోతుంది?

మీరు అడిగింది ఇదీ: మ్యాజిక్ ద గ్యాదరింగ్ కార్డుల ఆటలో మోడర్న్ ఫార్మాట్‌కి (ఏ కార్డులు వాడొచ్చో చెప్పే పద్ధతి) ఎరుపు-తెలుపు బర్న్ డెక్ (ఎదుటివాళ్ళ లైఫ్‌ని నేరుగా డ్యామేజ్‌తో తగ్గించే 60 కార్డుల కట్ట) కడుతున్నారు. పెద్ద క్రీచర్లకి జవాబుగా మెయిన్‌లో (అసలు 60 కార్డుల్లో) నాలుగు పాత్ టు ఎగ్జైల్ (క్రీచర్‌ని ఆట నుంచి తీసేసే రిమూవల్ కార్డు, డ్యామేజ్ ఇవ్వదు) పెట్టాలా, లేక పూర్తిగా వేగాన్నే నమ్ముకోవాలా?

మెయిన్‌లో వద్దు. పాత్‌లు సైడ్‌బోర్డ్‌లోనే (గేమ్‌ల మధ్య మార్చుకునే అదనపు కార్డుల్లోనే) ఉండాలి. లెక్క వేస్తే ఎందుకో తెలుస్తుంది.

ఎదుటివాళ్ళ లైఫ్ 20. లైట్నింగ్ బోల్ట్ లాంటి కార్డు 3 తీస్తుంది, అంటే ఏడు కార్డులు కావాలి. మీరు మొదట ఆడితే నాలుగో టర్న్‌కి చూసేవి పది కార్డులు: చేతిలో 7, ఆ తర్వాత తీసినవి 3. కార్డులు వేయడానికి మనా ఇచ్చే ల్యాండ్లు 20 ఉన్న డెక్‌లో ఆ పదిలో సగటున సుమారు మూడు ల్యాండ్లే. మిగిలేవి సుమారు ఏడు. ఒక్క కార్డు కూడా ఎక్కువ లేదు! అందులో ఒకటి పాత్ అయితే 18 దగ్గర ఆగిపోతారు, ఎదుటివాళ్ళకి ఇంకో టర్న్ దక్కుతుంది. నాలుగు పాత్‌లు పెడితే ఆ పది కార్డుల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 53 శాతం. రెండే పెట్టినా 31 శాతం.

మనా కూడా ఇంతే బిగువు. మూడు ల్యాండ్లతో నాలుగు టర్న్‌లకి దొరికేది 1+2+3+3, మొత్తం 9. ఏడు కార్డులూ అందులో పట్టాలంటే ఐదు ఒక మనావి, రెండు మాత్రమే రెండు మనావి కావాలి. ఆ లెక్కన 40 స్పెల్స్‌లో రెండు మనావి 12 దాటకూడదు. రెండు మనావైన బోరోస్ చార్మ్, లైట్నింగ్ హీలిక్స్, స్కల్‌క్రాక్, ఐడోలాన్ నాలుగేసి పెట్టేస్తే 16 అవుతాయి. అప్పుడు మూడో టర్న్‌లో రెండు మనా కార్డు వేసి, మిగిలిన ఒక్క మనాతో చేసేదేమీ లేక కూర్చోవాల్సి వస్తుంది. ట్యాప్ అయి వచ్చే (అంటే ఆ టర్న్‌లో మనా ఇవ్వని) ల్యాండ్ మొదటి టర్న్‌లో పడితే ఆ 9లో ఒకటి అక్కడే పోయినట్టు. రిఫ్ట్ బోల్ట్‌ని నాలుగో టర్న్‌లో ఒక మనాకి సస్పెండ్ చేస్తే (తర్వాతి టర్న్‌లో పనిచేసేలా పక్కన పెడితే) డ్యామేజ్ ఐదో టర్న్‌లోగానీ పడదు, కాబట్టి దాన్ని ముందే వాడెయ్యండి.

దిగగానే దాడి చేసి 2 డ్యామేజ్ ఇచ్చే క్రీచర్ గాబ్లిన్ గైడ్ మొదటి టర్న్‌లో దిగి ఎవరూ అడ్డుకోకపోతే నాలుగో టర్న్‌కి 8 తీస్తుంది. నాలుగో టర్న్‌లో చేతికొస్తే 2 మాత్రమే. దానితోపాటు మొనాస్టరీ స్విఫ్ట్‌స్పియర్ కూడా నాలుగు పెడితే, మొదటి ఏడు కార్డుల్లో ఈ ఎనిమిదిలో ఒకటైనా ఉండే అవకాశం 65 శాతం. ఈ ఎనిమిదిని తగ్గించకండి.

డ్యామేజ్ వదులుకోకుండా రెండో పని చేసే కార్డులూ ఉన్నాయి, ఆ రెండో పనిని వాటి దగ్గరే వెతకాలి. సీరింగ్ బ్లేజ్ ఆ టర్న్‌లో మీకు ల్యాండ్ దిగితే క్రీచర్‌కి 3, ఆటగాడికి 3 ఇస్తుంది, దిగకపోతే చెరో 1. అందుకే దానికోసం ఒక ల్యాండ్ చేతిలో ఆపుకోవాలి. క్రీచర్లే లేని డెక్ మీద మాత్రం అది చచ్చిన కార్డు. స్మాష్ టు స్మిదరీన్స్ ఆర్టిఫాక్ట్‌ని పగలగొట్టి, దాని యజమానికి 3 డ్యామేజ్ కూడా వేస్తుంది. సైడ్‌బోర్డ్ కార్డంటే అలా ఉండాలి. సన్‌బేక్డ్ కాన్యన్ మొదట్లో ల్యాండ్, ఆట సాగితే ఒక కొత్త కార్డు. ఇలాంటి ల్యాండ్లు అన్నీ కలిపి నాలుగుకి మించి మాత్రం వద్దు, మనా తీసిన ప్రతిసారీ మీ లైఫ్ 1 పోతుంది.

మీరు ఆడే చోట అందరూ ఫెచ్ ల్యాండ్‌తో (1 లైఫ్ ఇచ్చి డెక్‌లోంచి వేరే ల్యాండ్ తెచ్చేది) షాక్ ల్యాండ్ (2 లైఫ్ ఇస్తే ట్యాప్ కాకుండా దిగేది) తెచ్చి, ట్యాప్ కాకుండా దింపి తమ లైఫ్ తామే 3 తగ్గించుకుంటుంటే, మీకు ఒక బోల్ట్ ఉచితంగా దొరికినట్టే. అలాంటి చోట మెయిన్‌లో ఒకటో రెండో పాత్‌లు పెట్టినా భరించొచ్చు.

మీ జాబితాతో, ఎదుట ఎవరూ లేకుండా 30 చేతులు ఆడి ఏ టర్న్‌లో 20 పూర్తయిందో రాసుకోండి. తర్వాత నాలుగు కార్డులు మార్చి మళ్ళీ 30 ఆడండి. రెండో గేమ్‌కి సైడ్‌బోర్డ్ నుంచి తెచ్చేటప్పుడూ డ్యామేజ్ లేని కార్డులు మూడు దాటనివ్వకండి.