పాత పెంకుటిల్లు కొంటానంటున్న మేనకోడలికి

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలన్నీ చూశాను. మీ అత్తకు చూపిస్తే ఆ దర్వాజ మీద చెక్కడం, భవంతి (ఇంటి మధ్య ఖాళీ జాగా) చుట్టూ ఉన్న టేకు మొగురాలు, అదే స్తంభాలు, చూసి మురిసిపోయింది, నేను మాత్రం గోడల అడుగు భాగమే పెద్దది చేసి చేసి చూశాను. అల్లుడు అప్పుడే ఇంటీరియర్ వాళ్ళతో మాట్లాడుతున్నాడట, ఆపమను. మాడ్యులర్ కిచెన్ ఎక్కడ పెట్టాలో తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ ఇంటి మీద ఎవరెవరు సంతకం పెట్టాలి, వాన పడితే నీళ్ళు ఎటు పోతాయి అన్నవి తేల్చుకోండి. పంచాయతీరాజ్ ఇంజినీరింగ్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊళ్ళలో పాత ఇళ్ళ గొడవలు చూస్తూనే ఉన్నాను, దాదాపు అన్నీ ఈ రెండింటి దగ్గరే మొదలయ్యేవి.

ఆ ఇల్లు ఊరి మధ్యలో ఉందంటున్నావు కాబట్టి అది గ్రామకంఠంలోదే, అంటే ఊళ్ళో ఇళ్ళ కోసం ఉన్న పాత జాగాలోదే అయ్యుంటుంది. అలాంటి ఇంటికి పట్టాదారు పాస్‌బుక్ ఉండదు. ప్రభుత్వ భూముల పోర్టల్ ధరణిలో వెతికినా, 2025లో దాని బదులు వచ్చిన భూభారతిలో వెతికినా దొరకదు, ఎందుకంటే అవి వ్యవసాయ భూముల లెక్కలు. బ్రోకర్ "ధరణిలో అంతా క్లియర్ మేడం" అన్నాడంటే అతనికి తెలియకనైనా అని ఉండాలి, నీకు తెలియదని చూసైనా అని ఉండాలి. నువ్వు అడగాల్సింది పంచాయతీ ఇంటి నంబరు, కొన్నేళ్ళ ఇంటి పన్ను రశీదులు, కరెంటు బిల్లు, పంచాయతీ ఇచ్చే ఓనర్‌షిప్ సర్టిఫికెట్, వాళ్ళ నాయనకో తాతకో ఆ ఇల్లు ఎలా వచ్చిందో చెప్పే పాత కాగితం. పన్ను రశీదు ఒక్కటే పట్టుకుని ఇల్లు నాదే అంటే కోర్టులో నిలవదు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, 1983 నుంచి ఆన్‌లైన్‌లోనే వస్తుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి తీయించుకోవాలి. తెల్లకాగితం మీద రాసుకున్నదీ నోటరీ చేయించిందీ చూపించి ఇదే చాలంటే నమ్మకు. వంద రూపాయలకు మించిన స్థిరాస్తి ఏదైనా రిజిస్టరు అయితేనే అమ్మకం కిందికి వస్తుందని 1908 నాటి చట్టం నుంచీ ఉంది.

ఇక సంతకాలు. అమ్మేది పెద్దకొడుకు, తండ్రి లేడు, తమ్ముడు ఒప్పుకున్నాడు, బాగానే ఉంది. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉన్నారు, ఒకామె పుణెలో, ఒకామె భీవండిలో అని నువ్వే రాశావు. "వాళ్ళకు కట్నాలిచ్చి పంపాం, వాళ్ళకేం సంబంధం" అని అతను అనడం మామూలే, ప్రతి ఊళ్ళోనూ వినే మాటే. చట్టం అలా లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని ఆడపిల్లలకు 1985 నుంచే ఉమ్మడి ఆస్తిలో వాటా ఉంది, 2005లో కేంద్రం సవరణ తెచ్చాక ఆడపిల్లలందరికీ కొడుకులతో సమానమైంది, అప్పటికి తండ్రి బతికి ఉండాలన్న పట్టింపు కూడా అక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకం ఉంటే సంగతి వేరు, అది ఉందేమో అడుగు. లేకపోతే తహసీల్దార్ దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీయించమను, అందులో ఉన్న ప్రతి ఒక్కరూ రిజిస్ట్రేషన్ రోజు వచ్చి వేలిముద్ర వేయాలి. భీవండి నుంచి బస్సు చార్జీలు నువ్వే పెట్టుకున్నా ఫర్వాలేదు.

బయానా (అడ్వాన్సు) నగదుగా అడుగుతున్నాడన్నావు. స్థిరాస్తి విషయంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఇన్‌కం టాక్స్ వాళ్ళ రూలు, కాబట్టి బ్యాంకులో వెయ్యి. రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ కలిపి ఏడున్నర శాతం అవుతుంది. మట్టిగోడల ఇంటికి, అదీ గ్రామకంఠంలో ఉన్నదానికి, లోన్ ఇవ్వడానికి చాలా బ్యాంకులు ముందుకు రావు, ఈఎంఐ లెక్కలు ఇప్పుడే వేసుకోకు. ఇంకో సంగతి, అగ్రిమెంటులో మొగురాలు, దర్వాజలు, గోడ అల్మారాలు, దూలాలు పేరు పేరునా రాయించు. అలాంటి ఇళ్ళను టేకు కోసమే కొని విప్పుకుపోయే వాళ్ళున్నారు, తాళంచెవి చేతికొచ్చేసరికి దర్వాజ ఉన్నచోట బొంద కనిపిస్తే ఎవరినడుగుతావు?

చెక్కుబందీ, అంటే కాగితంలో రాసిన నాలుగు వైపుల హద్దులు, చదివి ఊరుకోకుండా నాలుగు దిక్కుల వాళ్ళనూ పిలిపించి టేపుతో కొలిపించు. ఫోటోలో ఉత్తరం వైపు మీ చూరు నీళ్ళు పక్కవాళ్ళ వాకిట్లో పడుతున్నట్టున్నాయి. పాతవాళ్ళు సర్దుకుపోయారు, పట్నం నుంచి వచ్చిన నీతో సర్దుకుపోవాలని వాళ్ళకేం లేదు. ఆ గోడ ఉమ్మడిదా, సొంతదా అన్నది కూడా అప్పుడే అడగండి.

ఇప్పుడు గోడలు. నీలం రంగు వేసిన గదిలో కుడివైపు గోడ మోకాలెత్తు దాకా ఉబ్బి ఉంది చూడు, రంగు పొలుసులు పొలుసులుగా లేచింది, కింద బండ మీద ఎర్రమట్టి పొడి రాలి ఉంది. మట్టి గోడకు ఎవరో సిమెంటు ప్లాస్టర్ చేయించారు. అడుగున్నర, రెండడుగుల మందం మట్టి గోడ నేలలో తేమను పీలుస్తుంది, పైన సున్నం ఉంటే ఆ తేమ మెల్లగా గాలికి ఆరిపోతుంది. సిమెంటు కొడితే బయటికి దారి ఉండదు, నీళ్ళు లోపలే నిలిచి గోడ అడుగు మెత్తబడిపోతుంది, తర్వాతెప్పుడో ప్లాస్టర్ మట్టితో సహా పలకలు పలకలుగా ఊడి పడుతుంది. వేలి కణుపుతో కొట్టి చూడు, డొల్ల శబ్దం వస్తే అంతా లోపల విడిపోయిందని అర్థం. దాన్ని జాగ్రత్తగా పెచ్చులు తీయించి డంగు సున్నంతోనే మళ్ళీ పూయించాలి, పైన కూడా సున్నమే, ప్లాస్టిక్ పెయింట్ వద్దు. ఏ మేస్త్రీ అయినా "సున్నం ఎవరు చేస్తారమ్మా, రెండ్రోజుల్లో సిమెంటు కొట్టేస్తా" అంటాడు, వినకు. సున్నం రుబ్బాలి, కొన్నిచోట్ల బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలుపుతారు, ఆరడానికి వారాలు పడుతుంది, కూలీ ఎక్కువే. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్ళు చేయించిన మరమ్మతుల్లో సున్నం పని నేర్చిన మేస్త్రీలు ఉంటారు, అలాంటి వాళ్ళను హైదరాబాద్‌లోనే వాకబు చెయ్యి.

నేలకూ అదే లెక్క. కింద కాంక్రీటు పోసి టైల్స్ వేస్తే నేల తేమ అంతా గోడల్లోకి ఎక్కుతుంది. బండలకు పేరున్న తాండూరును పక్కనే పెట్టుకుని టైల్స్ ఎందుకు, ఇసుక, సున్నం మీద బండలు పరిపించు.

బాత్రూం మాత్రం ఇంట్లోపల పెట్టకు, ఈ విషయంలో మీ ఆయన ఎంత వాదించినా నా మాట ఇదే. మట్టి గోడలో నీళ్ళ పైపు దించడమంత పాడు పని ఇంకోటి లేదు, ఎక్కడ లీకైందో తెలిసేసరికి గోడ జారిపోతుంది. పెరట్లో వేరే పునాదితో, ఇటుక సిమెంటుతో కట్టించి, ఇంటి నుంచి అక్కడి దాకా చిన్న కప్పు వేయిస్తే రాత్రి వానలో కూడా తడవకుండా పోవచ్చు. బాత్రూం నీళ్ళు పోయే ఇంకుడు గుంత చేదబావికి కనీసం 60 అడుగుల దూరం ఉండాలి. మీ పెరడు పొడవు చాలకపోతే బావి నీళ్ళు తాగడం మానుకో, మిషన్ భగీరథ మంచినీళ్ళ నల్లా ఉందో లేదో చూసుకో.

కప్పు గురించి బ్రోకర్ ఒక్క ముక్క చెప్పి ఉండడు. దూలం మధ్యలో బాగానే కనిపిస్తుంది, గోడలోకి దూరిన చివరలు ముందు పుచ్చుతాయి, అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి, దిగితే ఆ దూలం మార్చాల్సిందే. మట్టి గీతలు పాకి ఉంటే చెదలు. ఇక కోతులు! వికారాబాద్ దగ్గరి అనంతగిరి చుట్టుపక్కల వాటి సంగతి నీకు తెలుసు కదా, గూనపెంకులు ఎత్తి విసిరేస్తాయి, ఊళ్ళలో చాలామంది విసిగి రేకులు వేసుకున్నది అందుకే. పెంకుల మీద ఇనుప జాలీ బిగించే ఖర్చు కూడా లెక్కలో వేసుకో. వెనక వసారా మీద ఉన్నవి పాత సిమెంటు రేకులు, వాటిని కొయ్యడం, బెజ్జాలు వెయ్యడం చెయ్యనివ్వకు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. వైరింగ్ ఎర్తింగ్‌తో సహా కొత్తగా, గోడ పైనుంచి పైపుల్లో వేయించు. మీటరు చచ్చిపోయినాయన పేరు మీదే ఉంటుంది, బాకీ చూసుకుని మార్పించుకో.

మొదటి ఏడు మృగశిర లోపు కప్పు, గోడల చుట్టూ నీళ్ళ కాలువ, ఎర్తింగ్, ఇంతే చేయించండి. ఒక వానాకాలం గడవనిచ్చి మిగతావి. అంత ఓపిక లేదు, ఏసీ గదులే కావాలి అనుకుంటే అదే ఊళ్ళో ఖాళీ జాగా కొని స్లాబు వేసుకోండి, ఆ ఇంటిని ఓపిక ఉన్నవాళ్ళకు వదిలెయ్యండి.

మొయినాబాద్ వైపు ఇంకోటి చూశానన్నావు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల రక్షణ కోసం చుట్టుపక్కల కట్టడాలకు పరిమితులు పెడుతూ 1996లో వచ్చిన 111 జీవో కింద 84 ఊళ్ళున్నాయి, ఆ ఊరు అందులో ఉందేమో ముందు చూడు. 2022లో 69 జీవోతో ఎత్తేశామన్నా షరతులు పెట్టారు, బ్రోకర్ మాట మీద పోకు.

ఈసీ, పన్ను రశీదులు ఫోటో తీసి పంపు, అప్పటిదాకా రూపాయి ఇవ్వకు. వాన పడుతున్న రోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను, బ్రోకర్‌కు చెప్పకు. ఊళ్ళో నిచ్చెన దొరుకుతుందేమో కనుక్కో, నా మోకాళ్ళు ఒప్పుకోవు, పైకి అల్లుడే ఎక్కాలి.

మీ మామ